గడ్డికి వదిలిన నీళ్ళు

నేలను కడిగే ఉద్యోగం చేస్తున్నానని చెబితే పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరూ నమ్మేవారు కాదు. ఇల్లు కడుగుతారు, గిన్నెలు కడుగుతారు, నేలను కడగడమేమిటయ్యా అని నవ్వేవారు. నేను మాత్రం ఉద్యోగమంతా అదే చేశాను. కార్ఖానాలు మూతపడ్డాక వాటి కింద మట్టిలోనూ, మట్టి కింద నీళ్ళలోనూ మిగిలిపోయిన విషాన్ని బయటికి తీసే ఒక చిన్న సంస్థలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. మా ఆఫీసు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. మట్టి అంటిన బూట్లతో మెట్లెక్కుతుంటే జావా నేర్చుకునే పిల్లలు గోడకు అతుక్కుని దారి ఇచ్చేవారు.

నాకు డిగ్రీ లేదు. పదో తరగతి తర్వాత బోర్లు వేసే లారీ మీద హెల్పరుగా చేరాను. మిగిలిన చదువంతా మూసీ ఒడ్డున ఉన్న పెద్ద గ్రంథాలయంలో ఆదివారాలు చదువుకున్నదే. ఒక పక్క నిఘంటువు, ఇంకో పక్క ఇంగ్లీషు పుస్తకం పెట్టుకుని భూగర్భజలాల మీద వాళ్ళ దగ్గరున్నవన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుపడను. మా ఇంజనీరు గారు కృష్ణా జిల్లా మనిషి, నన్ను “మా ప్రొఫెసర్ గారు” అని పరిచయం చేసేవారు. అందులో సగం ఎగతాళి, సగం మెచ్చుకోలు. నేను మెచ్చుకోలు సగమే తీసుకునేవాణ్ణి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పాలనుకున్నది ఒక్క సైటు గురించే. మిగతా సైట్ల గురించి రిపోర్టులు ఉన్నాయి, చదువుకోవచ్చు. దీని రిపోర్టులో అసలు సంగతి ఒక పేరాలో ముగిసిపోయింది.

ఆ కార్ఖానా బల్కంపేట వైపు ఒక ఇరుకు గల్లీ చివర ఉండేది. యంత్రాల పళ్ళచక్రాలను, స్ప్రింగులను గట్టిపరిచేవారు. నైట్రేట్ ఉప్పును తొట్లలో కరిగించి, ఎర్రగా కాలిన ఇనుమును అందులో ముంచి తీయడం వాళ్ళ పద్ధతి. ఇనుమును కడిగిన నీళ్ళు, తొట్ల అడుగున గట్టిపడిన ఉప్పు పెంకులు ఏళ్ళ తరబడి వెనకున్న గుంతలోకి పోయాయి. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. మట్టి దాన్ని పట్టి ఉంచుకోదు. వానకు కరిగి, నీటితోపాటే దిగిపోయి, బోర్ల దాకా చేరుతుంది. కార్ఖానా మూతపడ్డాక స్థలం కొన్నవాళ్ళు అక్కడ ఫ్లాట్లు కట్టదలిచారు. ముందు శుభ్రం చేయాలన్నారు. మమ్మల్ని పిలిచారు.

ముందు ఉప్పు పట్టిన మట్టిని తవ్వి లారీల్లో పంపించేశాం. ఆ తర్వాత బోర్లలోంచి నీళ్ళు తోడడం మొదలైంది. తోడిన నీళ్ళలో కొంత పెద్ద ట్యాంకుల్లో పోసి బెల్లం మడ్డి కలిపేవాళ్ళం. ఆ తీపి తిని బతికే సూక్ష్మజీవులు నైట్రేట్‌ను విరిచి గాలిలోకి వదిలేస్తాయి. మడ్డి పులిసిన వాసన గల్లీ అంతా కమ్మేది. లోపల సారా కాస్తున్నారని పుకారు పుట్టింది. ఇద్దరు మనుషులైతే సాయంత్రం ఖాళీ సీసాలతో గేటు దగ్గరికే వచ్చారు. మా వాచ్‌మన్ పాలమూరు మనిషి, “ఇది తాగేది కాదన్నా, పురుగులకు పెట్టేది” అని చెబితే, ఏ పురుగులకు అంత అదృష్టమని వాళ్ళు చాలాసేపు అక్కడే నిలబడ్డారట.

ట్యాంకులకు పట్టని నీళ్ళను గోడ పక్కన పెంచిన గడ్డికి వదిలేవాళ్ళం. నైట్రేట్ గడ్డికి ఎరువు, పీల్చుకుంటుంది. ఆ గడ్డి నడుము దాకా పెరిగింది. అంత పచ్చదనం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఎర్రగడ్డ వైపు నుంచి ఒక పాల వ్యాపారి వచ్చి, కోసుకుపోతానని అడిగాడు. ఇవ్వలేదు. నైట్రేట్ గడ్డిలో పేరుకుంటే బర్రెలు చస్తాయని నేను లైబ్రరీలో చదివాను, ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన కోసిన గడ్డిని తాళం వేసిన షెడ్డులో ఎండబెట్టి పంపించే ఏర్పాటు చేశారు. బర్రెల గురించి మేము అంత ఆలోచించాం.

నీళ్ళ గురించీ ఆలోచించామనే అనుకున్నాం. గడ్డికి పోయే కుళాయి పక్కన తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టించాం. ఈ నీరు తాగరాదు.

ప్రతి మంగళవారం నీటి నమూనాలు తీసేవాళ్ళం. నాతో మా ల్యాబు కెమిస్టు వచ్చేది. ఎర్రగడ్డలో ఉండే ముస్లిం అమ్మాయి, నన్ను చాచా అని పిలిచేది. చేతులకు తొడుగులు వేసుకుని, సీసాలను అదే నీటితో కడిగి, నింపి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టేది. చుక్క నీళ్ళు చేతి మీద పడినా తుడుచుకునేది. ఇదంతా గల్లీలో అందరికీ కనిపించేది. మేడల మీద బట్టలు ఆరేసే ఆడవాళ్ళు పని ఆపి చూసేవారు. మాకు అది కాస్త గొప్పగానే ఉండేది.

గేటుకు ఎదురుగా ఒక పెద్దమ్మ టీ కొట్టు నడిపేది. భర్త లేడు. ఒక్క కూతురు. పెళ్ళయి పటాన్‌చెరు వైపు వెళ్ళిన కూతురు పురుడుకు తల్లి దగ్గరికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. రెండో నెల రాగానే బిడ్డను గుడ్డలో చుట్టి కొట్టు ముందు పడుకోబెట్టుకునేవారు. పెద్దమ్మ ఒక చేత్తో టీ వడకడుతూ ఇంకో చేత్తో ఊయల ఊపేది. ఇంజనీరు గారికి చక్కెర తక్కువ, నాకు అల్లం ఎక్కువ అని ఆమెకు చెప్పక్కర్లేదు.

ఆ ఎండాకాలం కొట్టు మూసి ఉన్న ఒక పొద్దున నేను సైటుకు వెళ్ళాను. మంగళవారం కాబట్టి కెమిస్టు కూడా అప్పుడే స్కూటీ దిగింది. కొట్టెందుకు తీయలేదని వాచ్‌మన్‌ను అడిగాను. మామూలుగానే అడిగాను, టీ కోసం.

“పాపకు బాగలేదు సార్. పొద్దుగాల్నే ఆటోల పంజాగుట్ట దవఖానకు పోయిన్రు. పెదాలు నేరేడు పండు తిన్నట్టయినయి. గోర్లు సుత నీలమే. ఈడ డాక్టరు గుండెల రంధ్రం ఉందేమో అన్నడంట.”

పసిపిల్లలు నీలమయ్యే ఇంకో రోగం ఉంది. ఆ రోగం గురించి నేను చదివాను. నైట్రేట్ నీళ్ళతో కలిపిన పాలు తాగిన పసిపిల్లల నెత్తురు ఊపిరిని మోయలేదు. పిల్ల నీలమవుతుంది. దాని లక్షణాలు నిద్రలో అడిగినా చెప్పగలను. కానీ నేను చదివిన పుస్తకంలో అది ఎక్కడో విదేశాల్లో, పొలాల మధ్య బావుల దగ్గర జరిగేది. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు ఇంత దగ్గరగా, నాకు రోజూ టీ ఇచ్చే ఇంట్లో జరుగుతుందని నేను ఏ పేజీలోనూ చూడలేదు.

పాప ఏం తాగుతోందని అడిగాను. తల్లికి జ్వరం వచ్చి పాలు తగ్గాయట, డబ్బా పాలు పడుతున్నారట.

“ఏ నీళ్ళతోటి?”

“మన నీళ్ళే సార్,” అన్నాడు వాచ్‌మన్. మొహంలో కాస్త సంతోషం కూడా ఉంది, మంచి పని చేసినవాడిలా. “పసిబిడ్డ గద. నల్లా నీళ్ళు ఎందుకని నేనే బిందె నింపిచ్చిన. మీరు ఇంతగనం పరీక్ష చేస్తరు. గల్లీల గిసుంటి నీళ్ళు ఎవ్వరికున్నయి?”

కెమిస్టు చేతిలోని సీసా కింద పడింది. నేను కుళాయి పక్కనున్న బోర్డు వైపు చెయ్యి చూపించాను.

“గది బయటోళ్ళకు గద సార్?” అన్నాడు అతను. “అందరు రాసుకుంటరు. మావి వాడొద్దు, మావి తాగొద్దని. హాస్టలోళ్ళు రాసిన్రు, ఫంక్షన్ హాలోళ్ళు రాసిన్రు. మన గల్లీ ఆడోళ్ళకు నేను లేదంటనా?”

అప్పుడు చూశాను. గోడకు గడ్డి వెనక ఇటుకలు రెండు ఊడిపోయి, చెయ్యి పట్టేంత సందు ఉంది. గడ్డికి పోయే గొట్టానికి తగిలించిన ఒక రబ్బరు పైపు అందులోంచి అవతలి గల్లీలోకి పోయి ఉంది. గడ్డి అంత ఎత్తు పెరగడంతో మాకు ఎప్పుడూ కనబడలేదు.

కెమిస్టు అప్పటికే స్కూటీ తిప్పింది. “కూర్చో చాచా. జల్దీ,” అంది. ఆమె వెనక నేను ఎలా కూర్చున్నానో, హెల్మెట్ పెట్టుకున్నానో లేదో గుర్తులేదు. మైత్రీవనం దగ్గర ట్రాఫిక్ మామూలే. పుస్తకాలు పట్టుకుని రోడ్డు దాటే పిల్లలు మామూలే. పంజాగుట్ట చౌరస్తా దాకా ఆమె హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

దారంతా డాక్టర్లకు ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను, ఇంగ్లీషులో. ఆ అవసరం రాలేదు. మేము పిల్లల వార్డుకు చేరేసరికి ఒక చిన్న వయసు డాక్టరమ్మ తెల్లటి గుడ్డ ముక్క మీద పాప నెత్తురు చుక్క వేసి, దానివైపే చూస్తోంది. అది ఎర్రగా లేదు. చాక్లెట్ కరిగించినట్టు ఉంది. గాలి తగిలినా ఎర్రబడలేదు. ఆమె పెద్దమ్మను అడుగుతున్నది కూడా అదే ప్రశ్న. ఏ నీళ్ళు అమ్మా?

“మా నీళ్ళు,” అన్నాను నేను వెనక నుంచి. పేర్చుకున్న వాక్యాలన్నీ పోయి ఆ రెండు మాటలే మిగిలాయి.

ఆమె నన్ను, నా బూట్లను ఒకసారి చూసింది. “నైట్రేట్ ఎంత?” అని అడిగింది. కెమిస్టు పోయిన మంగళవారం అంకె చెప్పింది. తాగే నీళ్ళలో ఉండనిచ్చేదానికి అది ఎన్నో రెట్లు. డాక్టరమ్మ వెంటనే లోపలికి వెళ్ళింది. ఆ రోగానికి విరుగుడు మందు కూడా నీలంగానే ఉంటుంది. సిరంజిలో సిరాలా కనిపించిన ఆ మందును అద్దంలోంచి చూసి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఏమిటది, ఏం ఎక్కిస్తున్నారని అడిగింది. మందే అమ్మా అని మాత్రం అనగలిగాను.

పాప తల్లి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ పోతోంది. సీసాలు ఉడకబెట్టాననీ, చేతులు సబ్బుతో కడుక్కున్నాననీ, నీళ్ళు మరిగించమని చెప్పారు కాబట్టి బాగా మరిగించాననీ. “సగమయ్యేదాంక మరగబెట్టిన సార్. పసిబిడ్డ గదా అని.”

మరిగిస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు, నీళ్ళు తగ్గినకొద్దీ చిక్కబడుతుంది. సగమయ్యేదాకా మరిగిస్తే రెండింతలవుతుంది. మా జాగ్రత్త చూసి ఆ నీళ్ళను నమ్మారు. వాళ్ళ జాగ్రత్త ఆ నీళ్ళను ఇంకా చెడగొట్టింది. ఆ అమ్మాయికి ఈ మాట చెప్పాలా వద్దా అని కెమిస్టు మొహం చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ రోజు చెప్పలేదు.

ఇంజనీరు గారు సైటు నుంచి ఆటోలో వచ్చారు. విషయమంతా విన్నారు. ఆయన అన్న మొదటి మాట విని ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు.

“ఏంటండీ, మనం తాగిన టీ కూడానా?”

పెద్దమ్మ తలూపింది. “మీకు వేరే నీళ్ళు ఎట్ల పోస్త సారూ?” అంది. “మీ నీళ్ళే. అందరికన్న ముందు మీకే.” పెద్దవాళ్ళ నెత్తురు దాన్ని తట్టుకుంటుంది కాబట్టి మాకేమీ కాలేదు.

మధ్యాహ్నానికి పాప పెదవుల్లో రంగు తిరిగి వచ్చింది. ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక పెద్దమ్మ మొదటిసారి నావైపు పూర్తిగా తిరిగి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

“మరి పరీక్ష ఎవరికోసం చేస్తున్నరు సారూ? మేము మాకోసమే అనుకున్నం.”

నా దగ్గర జవాబు ఉంది. స్థలం యజమాని కోసం, అనుమతులు ఇచ్చే ఆఫీసు కోసం, మా రిపోర్టు కోసం. ఒక్కటి కూడా ఆమె మొహం చూసి చెప్పేది కాదు. మేము అంకెలు రాసి పంపిన చోట్లన్నీ ఊరికి ఆ చివర ఉన్నాయి. గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు మాత్రం ఏ మంగళవారమూ ఏమీ చెప్పలేదు.

మర్నాడు నేనూ కెమిస్టూ గల్లీలో ఇల్లిల్లూ తిరిగాం. అసలు దెబ్బ ఆ ఆసుపత్రిలోనే తగిలిందనుకున్నాను. కాదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ రెండు బిందెలు ఉన్నాయి. మంజీర నుంచి నల్లాలో వచ్చే శుభ్రమైన నీళ్ళు బట్టలకు, గిన్నెలకు. మా నీళ్ళు తాగడానికి, మూత పెట్టి, కొన్నిళ్ళలో దేవుడి గూటి పక్కన. ఒక ముసలామె పోయిన ఆషాఢంలో బోనం కూడా ఆ నీళ్ళతోనే వండానని చెప్పింది. “అమ్మవారికి సుత గవే. మంచియి ఉండంగ నల్లావి ఎందుకు పోస్త?” అంది. కెమిస్టు ఆ బిందె ఎత్తి బయట పారబోస్తుంటే ఆమె మా వెనకే వచ్చి, అమ్మవారికి ఏమన్నా అవుతుందా అని నెమ్మదిగా అడిగింది. అమ్మవారికి ఏమీ కాదమ్మా అంది కెమిస్టు. ఆ పిల్ల ఆ మాట ఎంత జాగ్రత్తగా అందో నాకు గుర్తుంది. ఆ గల్లీలో ఇంకో పసిబిడ్డ లేదు. లేకపోవడం మా గొప్పతనం కాదు.

వాచ్‌మన్ సంచి సర్దుకున్నాడు. పాప ఇంటికి వచ్చేదాకా అన్నం తినలేదని ఎవరో చెప్పారు. పోతానంటే ఇంజనీరు గారు గేటు దగ్గర ఆపారు. “మీరు వెళ్ళిపోతే తప్పు మీదని అందరూ అనుకుంటారండి. నేనూ అలాగే అనుకోవడం మొదలుపెడతాను. ఉండండి,” అన్నారు. ఆయన మాటలు నాకు నచ్చని రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజు కాదు.

గోడ పూడ్చాం. గడ్డికి నీళ్ళు వదలడం మానేసి అంతా ట్యాంకులకే పంపాం. నల్లా రాని రోజుల కోసం ఇంజనీరు గారు గల్లీకి తాగే నీళ్ళ ట్యాంకరు పెట్టించారు. మంగళవారం పద్ధతి కూడా మారింది. నమూనాల ఫలితం రాగానే కెమిస్టు ఉర్దూలో, నేను తెలుగులో, గేటు ముందు నిలబడి చెప్పేవాళ్ళం. ఎంత ఉంది, ఎంత ఉండాలి, తాగకూడదు. మొదట్లో మొహమాటంగా ఉండేది, కూరగాయలు అమ్ముతున్నట్టు. తర్వాత ఆడవాళ్ళే అడిగేవారు, ఇవాళ ఎంతకు దిగిందని. ఒక వారం అంకె దిగకుండా పైకెక్కితే, మడ్డి మంచిది తేలేదా అని మమ్మల్ని నిలదీశారు. నిజానికి వానకు పై మట్టిలో మిగిలిన ఉప్పు కరిగి దిగింది. వాళ్ళకు అది చెప్పడానికి నాకు ఏ పుస్తకం భాషా పనికిరాలేదు. చక్కెర డబ్బా కడిగితే మూలల్లో మిగిలింది చివరికి వస్తుంది కదా అని పెద్దమ్మే అందరికీ చెప్పింది.

ఆ సైటుకు చాలా కాలం పట్టింది. పాప నడక నేర్చుకుంది. తల్లి పటాన్‌చెరు వెళ్ళినా, పండగలకూ పబ్బాలకూ పిల్లను తెచ్చి అమ్మమ్మ దగ్గర వదిలేది. పిల్ల గేటు సందులోంచి దూరి లోపలికి వచ్చేసేది. వచ్చిన ప్రతిసారీ నా చూపు ముందు దాని పెదవుల మీదికే పోయేది. ఇప్పటికీ ఏ పసిబిడ్డను చూసినా ముందు పెదవులు చూస్తాను. మా ఇంట్లోవాళ్ళు ఇది నా పిచ్చి అంటారు.

చివరికి ఒక మంగళవారం అన్ని బోర్లలోనూ అంకె హద్దు కిందికి వచ్చింది. మళ్ళీ మళ్ళీ తీశాం. వేరే ల్యాబుకు కూడా పంపాం. నిలిచింది. ఆ సంగతి గేటు ముందు చెప్పాను. ఇంజనీరు గారు మిఠాయి తెప్పించారు. వాచ్‌మన్ పంచిపెట్టాడు. అందరూ వెళ్ళాక పెద్దమ్మ పాపను వేలు పట్టుకుని వచ్చింది.

“అంటే ఇప్పుడు తాగొచ్చా సారూ? పిల్లకు సుత పోయొచ్చా?”

తాగొచ్చమ్మా అన్నాను. నిజమే చెప్పాను. ఆ బోర్లలో ప్రతి అంకె నాకు తెలుసు.

ఆమె కొట్టులోకి వెళ్ళి ఒక స్టీలు గ్లాసు కడిగి తెచ్చింది. మా బోరు కుళాయి తిప్పి నింపింది. పాప చెయ్యి చాపింది. పెద్దమ్మ ఆ చేతిని పక్కకు తీసి, గ్లాసు నాకు ఇచ్చింది.

నేను తీసుకున్నాను. పెదవుల దాకా తెచ్చాను. అక్కడ నా చెయ్యి ఆగింది. ఎందుకాగిందో నాకు తెలియదు. క్షణం కూడా కాదేమో. వెంటనే తాగేశాను, చివరి చుక్క దాకా, గ్లాసు బోర్లించి చూపించాను.

నేను తలెత్తేసరికి ఆమె పాపను చంకనెత్తుకుంది.

“తాగినవ్ సారూ, చూసిన,” అంది. “ఆగినవ్, గది సుత చూసిన.”